చెప్పినవారి పేరు

మా వీధి చివర రేషన్ దుకాణంలో వేలిముద్ర మిషను ఉంది. ముద్ర కలవకపోతే అది కీచుమని ఒక కూత కూస్తుంది. మొన్న నా ముందు నిలబడిన ముసలామె బొటనవేలు పెట్టింది, కూసింది. చీర చెంగుతో వేలు తుడుచుకుని మళ్లీ పెట్టింది, మళ్లీ కూసింది. ఏదో తప్పు చేసినదానిలా ఆమె చెయ్యి వెనక్కి లాక్కుంది. వరసలో ఉన్నవాళ్లందరూ తలలు దించుకున్నారు. నా ఎడమచేతి చిటికెన వేలు మాత్రం దానంతట అదే పైకి, పక్కకి కదిలి, అక్కడ లేని ఒక మీటను నొక్కింది. కంప్యూటరు మీద ఆ మీట పేరు ఎస్కేప్. పదవీ విరమణ చేసి చాలా ఏళ్లయింది. అయినా అలాంటి కూత ఎక్కడ విన్నా నా వేలు అక్కడికే పోతుంది. నాకు ఆ అలవాటు చేసిన మనిషి రూతమ్మ గారు. కూత వినగానే తల దించకూడదని నేర్పింది కూడా ఆవిడే.

తొంభైల మధ్యలో నేను అరకు లోయలో ఒక వ్యవసాయ సమాచార కేంద్రంలో టైపిస్టుని. కేంద్రం అంటే పెద్దగా ఊహించుకోనక్కర్లేదు. రెండు గదులు, ఒక వరండా, సంత జరిగే మైదానం వైపు తెరుచుకునే ఒక కిటికీ. కింద పట్నంలో ఉన్న పెద్దాఫీసు రైతులకోసం ఒక సలహాపత్రం తయారుచేసి పంపేది. దాన్ని అచ్చు తీసి చుట్టుపక్కల సంతలన్నిటిలో అంటించడం మా పని. అంతకుముందు అది తపాలాలో వచ్చేది. వర్షాలకి ఘాట్ రోడ్డు మూసుకుపోతే, నారు పోసే సలహా కోతలనాటికి చేరేది. అందుకని ఒక కంప్యూటరు ఇచ్చి, టెలిఫోను లైను మీద పత్రాన్ని పంపుతామన్నారు. దాన్ని నడపడానికి, కేంద్రానికి అధికారిగా, రూతమ్మ గారు వచ్చారు. నాకు చిన్నప్పటినుంచీ డైరీ రాసే అలవాటు. ఆ రోజు పుటలో ఇలా ఉంది: "వాన. కొత్త ఆఫీసరు వచ్చింది. ఆడమనిషి. యంత్రం కూడా వచ్చింది. కరెంటు లేదు."

ఆవిడది గుమ్మలక్ష్మీపురం. జాతాపు గిరిజనుల ఇంట పుట్టి, మిషన్ బడిలో చదివి, వ్యవసాయ డిగ్రీ తీసుకున్న మనిషి. నాకంటే చిన్నది. పొట్టిగా ఉండేది. మగవాళ్ల చేతిగడియారం పెట్టుకునేది. నన్ను పేరుపెట్టి పిలవలేదెప్పుడూ. "టైపిస్టు గారూ" అనేది. అందులో గౌరవం పాలెంతో, వేళాకోళం పాలెంతో నాకు చివరిదాకా తేలలేదు.

నేను తెలుగులోనూ ఇంగ్లీషులోనూ టైపు హయ్యర్ పాసైనవాణ్ణి. మీటల పలక చూడగానే ధైర్యం వచ్చింది. నల్లటి తెర మీద పచ్చటి అక్షరాలు. తెలుగు పత్రమే, కానీ ఇంగ్లీషు అక్షరాలతో ఉంది. అప్పట్లో అలాగే కొట్టేవాళ్లం. అచ్చు తీసేటప్పుడు వేరే ప్రోగ్రాం దాన్ని తెలుగు లిపిలోకి మార్చేది. రూతమ్మ గారు ఒక ఆజ్ఞ కొట్టి ఫైలు తెరిచి, "ఏదీ, పైన తేదీ వెయ్యండి" అంది. నేను వేళ్లు విరుచుకుని మొదలుపెట్టాను. తెర మీద తేదీ పడలేదు సరికదా, ఉన్న వాక్యాలు ఒక్కొక్కటే మాయమైపోతున్నాయి. యంత్రం కుయ్ కుయ్ మంటోంది. కంగారులో ఇంకా జోరుగా కొట్టాను. వరస చివరికి వచ్చాననుకుని, టైపు మిషను బండిని తోసే అలవాటు కొద్దీ ఎడమచేయి విసురుగా పక్కకి తోశాను. అక్కడ బండి లేదు. ఆవిడ టీ గ్లాసు ఉంది.

టీ చీరమీద ఒలికినా ఆవిడ పడీ పడీ నవ్వింది. "ఇదేటి మేడం, నేను రాత్తంటే ఇది సెరిపేత్తంది!" అన్నాను. భయం వేస్తే నాకు మా పాచిపెంట మాటే వస్తుంది.

"మీరు రాయట్లేదు టైపిస్టు గారూ. ఆజ్ఞలు ఇస్తున్నారు. మీ వేళ్లకి తెలియకుండా ఇచ్చేస్తున్నారు" అని కుర్చీ దగ్గరికి లాక్కుంది. "ఈ ఎడిటర్ పేరు వీఐ. ఒక గది అనుకోండి. మొదట మీరు గుమ్మంలో ఉంటారు. గుమ్మంలో నిలబడి కొట్టే ప్రతి అక్షరం ఒక హుకుం. రెండు డీలు కొడితే ఒక వాక్యం మొత్తం పోతుంది. ఐ కొట్టి గదిలోకి వచ్చాకే అది రాత అవుతుంది. పని అయ్యాక ఎస్కేప్ కొట్టి గుమ్మంలోకి రావాలి. ఎక్కడున్నారో తెలియకపోతే ఎస్కేప్ కొట్టండి. కూసిందంటే మీరు గుమ్మంలోనే ఉన్నట్టు. అది కోపం కాదు, సమాచారం. దానికి తల దించుకోవడం ఎందుకు?"

"మరి పోయిన వాక్యాలో?"

"ఇదంతా వదిలేసి పాత ఫైలు మళ్లీ తెరుద్దాం. ఒక్క తప్పే అయితే యు కొడితే చాలు, వెనక్కి వస్తుంది. రాతలో ఉన్న సుఖం అదే."

నెల తిరక్కుండా నా వేళ్లు గుమ్మానికీ గదికీ మధ్య తడుముకోకుండా తిరగడం నేర్చుకున్నాయి. అంతవరకే అయితే నేనిది రాయనక్కర్లేదు. ఎవరో ఒకరు నేర్పేవారు. రూతమ్మ గారి పద్ధతి వేరు. అది ఏ శిక్షణ తరగతిలోనూ చెప్పరు.

ఆవిడ రాగానే యంత్రాన్ని లోపలి గదిలోంచి కిటికీ దగ్గరికి జరిపించింది. సంత రోజు సరుకు అమ్ముకుని వచ్చినవాళ్లు మా వరండాలో నీడకి కూర్చునేవాళ్లు. పట్నం నుంచి వచ్చిన పత్రాన్ని తెరమీద తెరిచి, కిటికీలోంచి వాళ్లకి పైకి చదివేది. వరండాలో ఎప్పుడూ ముందు కూర్చునేది కిల్లో బుద్రి. పైకొండ మీది మనిషి. పసుపు, చోళ్లు అనే రాగులు, సామలు పండించేది. నోరు పెద్దది. మొదటి రోజు పత్రంలో పసుపుకి వారానికి రెండు తడులు పెట్టమని ఉంది. రూతమ్మ గారు చదవగానే బుద్రి లేచి నిలబడింది.

"ఓ గుంటా, మా కొండమీదకి నీల్లు ఎవులు మోత్తారు? ఈ టైపుబాబు మోత్తాడేటి?"

వరండా అంతా నవ్వులు. ఆఫీసరుని చిన్నపిల్లని పిలిచినట్టు గుంటా అన్నందుకు నేను లేవబోయాను. రూతమ్మ గారు నా భుజం మీద చెయ్యివేసి కూర్చోబెట్టింది. "ఆ వాక్యం మీద నిలబడి రెండు డీలు కొట్టండి" అంది. కొట్టాను. సర్కారు వాక్యం మాయమైంది. "మరి ఏం రాయాలి పిన్నీ?" అని బుద్రిని అడిగింది. దుంప పెట్టిన వెంటనే ఆకు దళసరిగా కప్పాలనీ, ఆ ఆకు కుళ్లితే తడీ అదే, ఎరువూ అదే అనీ బుద్రి చెప్పింది. నేను రాశాను. రూతమ్మ గారు చదివి వినిపించింది. "దళసరిగా అంటే ఎవులికి తెలుత్తాది? జానెడు అని సెప్పు" అంది బుద్రి. మార్చాను. మళ్లీ చదివారు. బుద్రి తలూపాక, దాని కింద ఒక వరస పెట్టించారు: చెప్పినవారు, కిల్లో బుద్రి. పక్కన ఊరి పేరు. అప్పుడు గానీ ఫైలుని భద్రపరిచే డబ్ల్యూ ఆజ్ఞ కొట్టనివ్వలేదు.

"సర్కారు పత్రంలో మనుషుల పేర్లెందుకు మేడం?" అని ఆ సాయంత్రం అడిగాను.

"మా నాన్న మిషన్ వాళ్ల గుడిలో ప్రసంగానికి దుబాసీ. ఫాదర్ తెలుగులో చెబితే నాన్న మా కువి భాషలో చెప్పాలి. ఒక్కో మాట చెప్పి ఆగి, చాప మీద కూర్చున్న ముసలమ్మని అడిగేవాడు, ఇలాగేనా అంటారు? అని. ఫాదర్ విసుక్కునేవాడు, పాట వేళ దాటిపోతోందని. నాన్న ఆగడం మానలేదు. వినేవాళ్లు ఒప్పుకోని మాట నేను చెప్పినట్టు కాదు అనేవాడు." తర్వాత అంది: "చదివి వినిపించకుండా డబ్ల్యూ కొట్టకండి టైపిస్టు గారూ. అది ఒక్కటీ నా మాటగా ఉంచండి."

ఆ పద్ధతిలో ఒక చిక్కు ఉంది. భద్రపరచని రాత, కరెంటు పోతే పోతుంది. మా కొండల్లో గాలి గట్టిగా వీస్తే చాలు కరెంటు పోయేది. ఒక సంత రోజు మిరియాల తీగల గురించి పత్రం దాదాపు పూర్తయి, చదవడం నడుస్తుండగా తెర నల్లబడింది. యంత్రం మళ్లీ లేచాక వెతికితే సగమే దక్కింది. నేను తల పట్టుకుని, "అందుకే మేడం, ముందు భద్రపరిచి తర్వాత చదువుదామన్నాను" అన్నాను. కిటికీ బయటినుంచి ఎవరో పోయిన వాక్యం మొదటినుంచి చెప్పడం మొదలుపెట్టారు. ఇంకొకరు తర్వాతది అందుకున్నారు. ఒకరు తప్పితే పక్కవాళ్లు సరిచేశారు. అప్పటికే రెండుసార్లు విని ఉన్నారు కదా. రూతమ్మ గారు నాకేసి చూసి, "యంత్రం మరిచిపోతే పోయింది. వరండాకి గుర్తుంది" అంది.

పెద్దాఫీసుకి మా పత్రాలు నచ్చలేదు. మొదట ఫోనులో విసుక్కున్నారు, తర్వాత కాయితం పంపారు. పట్నం నుంచి వచ్చిన పత్రంలో ఒక్క అక్షరం కూడా మార్చరాదు, వ్యక్తుల పేర్లు వేయరాదు. ఆ తర్వాత వచ్చిన పత్రమే అసలు గొడవ తెచ్చింది. కొండవాలు మీద కలిపి చల్లే పంటలు మానాలి, ఒక్క చోళ్ల పంటే వేయాలి, పాత చోళ్ల విత్తనం సంతలో అప్పగించి కొత్త రకం తీసుకోవాలి. అది దాని సారాంశం. నా మట్టుకు నాకు అందులో తప్పేమీ కనిపించలేదు. రూతమ్మ గారు కిటికీలోంచి చదువుతుంటే మాత్రం వరండాలో నవ్వులు లేవు.

బుద్రి కూర్చునే మాట్లాడింది. "గట్టు అవతల మా సెల్లి ఊరోల్లు నిరుడు ఆ కొత్త సోళ్లు ఏసినారు. ఎన్ను బాగానే ఏసింది. కోతకి ముందు గాలి ఎల్లింది. సేనంతా సాపలాగ పడిపోయింది. పాతయి పొట్టిగుంటాయి గానీ నిలబడతాయి. గింజ నేక మా సెల్లి పిల్లలు మామిడి టెంకల అంబలి తాగినారు. ఇత్తనం మీకు ఇచ్చేత్తే, మల్లీ ఎక్కడ తేవాల?"

రూతమ్మ గారు నావైపు తిరిగింది. "విన్నారా? ఇక్కడ తప్పు చేస్తే యు కొడతాం. విత్తనం ఇచ్చేశాక ఏ మీట కొడతారు?"

నేను మీటల మీద చేతులు పెట్టాను. "లేవండి. ఇది మీ వేళ్లతో జరగకూడదు. రేపు అడిగితే ఎవరు చేశారో తెలియాలి" అని నన్ను లేపి ఆవిడ కూర్చుంది. అప్పగించమన్న వాక్యాలు తీసేసింది. బుద్రి చెప్పింది రాసింది: కొత్తవి కావాలన్నవాళ్లు చేనులో ఒక మూల వేసి చూసుకోండి, పాత విత్తనం మాత్రం ఎవరికీ ఇవ్వకండి, కుండలోనే ఉంచండి. చదివి వినిపించింది. బుద్రి పేరు వేసింది. దాని కింద, అంతకుముందు ఎన్నడూ లేనిది, ఇంకో వరస: మార్చినవారు, రూతమ్మ. అప్పుడు డబ్ల్యూ కొట్టింది. యంత్రం కూసింది. తెర అడుగున ఒక వాక్యం వచ్చింది.

"ఏటంటాది?" అంది బుద్రి.

"ఈ ఫైలు చదువుకోవచ్చు, రాయకూడదు అంటోంది పిన్నీ. పట్నంలో తాళం వేసి పంపారు."

"ఆ మాట మాకు కొత్తేటి? మా తాత కాలం నుంచీ సెప్తనే ఉన్నారు."

రూతమ్మ గారు అదే ఆజ్ఞ మళ్లీ కొట్టి, ఈసారి చివర ఒక ఆశ్చర్యార్థకం పెట్టింది. యంత్రం కూయలేదు. ఫైలు భద్రమైంది. "అదేం గుర్తు మేడం?" అన్నాను. "మొండి గుర్తు. ఇది తయారు చేసినవాడెవరో తెలివైనవాడు. తాళమూ పెట్టాడు, మొండివాళ్లకి తోవా ఉంచాడు" అని లేచి, అచ్చు యంత్రంలో కాయితం ఎక్కించమంది. ఆ వారం సంతలన్నిటిలో అంటించినది ఆ పత్రమే.

పెద్దాఫీసు నుంచి పెద్దసారు స్వయంగా బయల్దేరి వచ్చాడు. ఆయన వచ్చింది ఇటుకల పండగ రోజుల్లో. ఆ పండక్కి మగవాళ్లు వేటకి పోతే, ఆడవాళ్లు దారికి అడ్డంగా వెదురు బొంగు పట్టుకుని, పాటలు పాడి, చిల్లర ఇస్తేనే దారి వదులుతారు. మామూలు మనుషులు నవ్వుతూ ఇచ్చి పోతారు. ఆయన జీపులోంచి దిగి, తానెవరో చెప్పాడట. అందుకని ఇంకో పాట ఎక్కువ పాడారట. మా వరండాలోకి వచ్చేటప్పటికి ఆయన మొహం ఎర్రగా ఉంది. బొంగు పట్టుకున్నవాళ్లలో బుద్రి కూడా ఉంది. ఆయన వెనకే నడిచి వచ్చి తన చోట కూర్చుంది.

"ఏమమ్మా రూతమ్మా, ఇది డిపార్టుమెంటు పత్రమా, మీ ఊరి రచ్చబండా? పాత వాక్యాలు ఇప్పుడే, నా ఎదురుగా పెట్టు" అన్నాడు.

"పెట్టడం నాకు చేతకాక కాదు సార్. ఆ మాట చెప్పినామె వరండాలో ఉంది. ఆవిడకి చదివి వినిపిస్తాను. ఒప్పుకుంటే మారుస్తాను."

"ఒప్పుకోకపోతే?"

"మార్చను."

ఆయన ఆవిడతో ఇక మాట్లాడలేదు. నావైపు తిరిగి, "నువ్వు టైపిస్టువి కదా. కూర్చో. మార్చు" అన్నాడు. రూతమ్మ గారు నాకేసి చూడలేదు. కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడింది. చూసి ఉంటే ఆవిడ కోసం చేశాననుకునేవాణ్ణి. నేను కూర్చుని ఫైలు తెరిచాను. ఎక్కడున్నానో తెలియడానికి ఎస్కేప్ కొట్టాను. కూసింది. గుమ్మంలోనే ఉన్నాను. తల ఎత్తి, పట్నం నుంచి వచ్చిన పాత వాక్యాలను పెద్దసారు తెచ్చిన కాయితంలోంచి కిటికీ బయటికి గట్టిగా చదవడం మొదలుపెట్టాను.

"నిన్ను చదవమన్నానా?" అన్నాడు పెద్దసారు.

"ఇక్కడ చదవకుండా భద్రపరిచే అలవాటు లేదు సార్" అన్నాను. నా గొంతేనా అది అనిపించింది.

బుద్రి కిటికీ దగ్గరికి వచ్చి ఊచలు పట్టుకుంది. "ఓ బాబూ, సారూ. ఆ కాయితం కింద నా పేరుంది. నా మాట తప్పయితే ఊరోల్లు నా ఇంటికొచ్చి తిడతారు. నాను పడతాను. నీ కాయితం కింద ఎవులి పేరూ నేదు. నీ మాట తప్పయితే ఎవుల్ని తిట్టాల? నీ పేరు ఎయ్యి. ఏసి, ఇత్తనాలు అడుగు. అప్పుడు ఆలోసిత్తాం."

ఆయన పేరు వేయలేదు. నేను మార్చలేదు. జీపు తిరిగి వెళ్లేటప్పుడు బొంగు దగ్గర మళ్లీ ఆపారని తర్వాత తెలిసింది.

పది రోజులు తిరక్కుండా రూతమ్మ గారికి మారేడుమిల్లి బదిలీ ఉత్తర్వు వచ్చింది. మా కేంద్రానికి టెలిఫోను లైను తీసేశారు. పత్రం పట్నంలోనే అచ్చయి లారీలో రాసాగింది. బస్సు దగ్గర ఆవిడ పెట్టె పైకి ఎక్కిస్తూ నేను ఏదో ఓదార్పు మాట అనబోయాను. "నన్ను అడవిలోంచి అడవిలోకి పంపితే శిక్ష అనుకుంటున్నారు పాపం" అని నవ్వింది. తర్వాత, "లైను తీశారు గానీ యంత్రం తీసుకుపోలేదుగా. ఎడిటర్‌కి లైను అక్కర్లేదు టైపిస్టు గారూ" అంది. బస్సు కదిలాక కూడా ఆ చేతిగడియారం ఉన్న చెయ్యి కిటికీలోంచి ఊగుతూనే ఉంది.

నేను యంత్రాన్ని కిటికీ దగ్గరినుంచి జరపలేదు. ప్రతి సంత రోజూ వరండాలో చెప్పింది రాసి, చదివి, పేర్లు వేసి, అచ్చు తీసి, పట్నం పత్రం పక్కనే అంటించాను. రెండూ పక్కపక్కన ఉండేవి. చదువు రానివాళ్లు కూడా మా పత్రం మీద వేలు పెట్టి, "ఇందులో ఎవులి పేరుంది?" అని అడిగేవాళ్లు. విత్తనం కొందరు అప్పగించారు, చాలామంది అప్పగించలేదు. అప్పగించినవాళ్లలో కొందరు మరో గాలి తర్వాత బుద్రి ఇంటికి వచ్చి, కుంచంతో పాత చోళ్లు కొలిపించుకుని తీసుకెళ్లారు. ఆవిడ తిట్టింది, ఇచ్చింది. నాకు మెమోలు వచ్చాయి. అనుమతి లేని పత్రం ఎందుకు వేస్తున్నావని. మొదటి మెమోని కిటికీలోంచి పైకి చదివాను. వరండాలో ఎవరూ ఒప్పుకోలేదు. ఆ సంగతే జవాబుగా రాసి, కింద నా పేరు పెట్టి పంపాను. తర్వాతి మెమోలకీ అదే జవాబు. నేను పదవీ విరమణ చేసేదాకా ఆ రెండో పత్రం ఆగలేదు.

మారేడుమిల్లి నుంచి కొన్నాళ్లకి ఒక కవరు వచ్చింది. లోపల ఉత్తరం లేదు. కూర వండుకునే లేత వెదురు కొమ్ముల గురించి ఒక సలహాపత్రం మడత పెట్టి ఉంది. ప్రతి సలహా కింద నాకు తెలియని పేర్లు, తెలియని ఊళ్లు. అట్టడుగున, మార్చినవారు, రూతమ్మ. దాన్ని ఆ రోజు డైరీ పుటకి అంటించాను.

ఆవిడ కిందటి వానల్లో పోయింది. బుద్రి అంతకుముందే పోయింది. రూతమ్మ గారి సమాధి దగ్గర చాలామంది మంచి మాటలు చెప్పారు. ఓర్పు, సేవ, వినయం అన్నారు. వినయం అన్నప్పుడు నేను లేచి, అది తప్పు అన్నాను. అందరూ నావైపు తిరిగారు. మొండితనం అని మార్చమన్నాను. ఆవిడ తమ్ముడు ఒక్కడే నవ్వాడు.

మొన్న రేషన్ దుకాణంలో నా వేలు గాలిలో ఎస్కేప్ నొక్కాక, నేను తల దించుకోలేదు. డీలరు "మిషను ఒప్పుకోలేదు, రేపు రా" అని ముసలామెకి చెబుతుంటే ముందుకు వెళ్లి, "మిషను సంగతి నాకొద్దు. ఈమెకి బియ్యం ఇవ్వనని నువ్వు నీ పేరుతో కాయితం మీద రాసివ్వు" అన్నాను. అతను నన్ను చూశాడు, ఆమెని చూశాడు, వేలిముద్ర కలవనివాళ్లకోసం ఇచ్చిన, కంటిపాప చూసి గుర్తుపట్టే మిషను బల్ల కిందనుంచి తీశాడు. అది అక్కడ ఉందని అంతవరకు చెప్పలేదు.

ఇది రాయడం నిన్నటితో పూర్తయింది. భద్రపరిచే ముందు చదివి వినిపించాల్సినవాళ్లు ఇద్దరూ లేరు. అందుకని ఈ ఉదయం ఇంటి అరుగు మీద కూర్చుని మొదటినుంచి చివరిదాకా పైకి చదివాను. దారిన పోయేవాళ్లు ఇద్దరు ముగ్గురు ఆగి విన్నారు. ఎవరూ తప్పనలేదు. ఇందులో ఎక్కడైనా తప్పుంటే తిట్టడానికి ఎవరి ఇంటికి రావాలో కింద ఉంది.

చెప్పినవారు: గొర్లె అప్పలస్వామి, పాచిపెంట.